కండోమ్ వాడినా హెచ్ఐవీ భయం పోవట్లేదా? ఇది చదవండి

ఎప్పుడూ విత్తనాలు, తెగుళ్లు, యార్డు ధరలు రాస్తుంటాను. ఇవాళ రాసేది చూసి కొందరు మొహం చిట్లిస్తారని తెలుసు. అయినా రాస్తున్నా. ఈ సంగతి రచ్చబండ దగ్గర ఎవరూ ఎత్తరు, ఇంట్లో అసలే ఎత్తరు. ఎత్తకపోతే ఏమవుతుందో నేను దగ్గర నుంచి చూశా.

మిర్చి అమ్మడానికి యార్డుకు పోతే ఒకటి రెండు రాత్రులు టౌన్లోనే ఉండాల్సి వస్తుంది. కోత మిషన్ల వెంట నెలల తరబడి ఊళ్లు తిరిగే కుర్రాళ్లూ ఉన్నారు. అట్లా బయట ఉన్నప్పుడు ఎవరో ఒకరు పరాయి మనిషితో కలుస్తారు. అందులో మంచీ చెడూ ఇక్కడ మాట్లాడను. ఆ తర్వాత పట్టుకునే భయం గురించే ఈ పోస్టు.

నాకు తెలిసిన ఒక కుర్రాడు, ఊరూ పేరూ మనకొద్దు. కండోమ్ వాడాడు. అది చిరగలేదు, జారలేదు. అయినా మూడో రోజు నుంచి భయం పట్టుకుంది. గొంతు నొప్పొస్తే అదేనేమో, రాత్రి చెమట పడితే అదేనేమో. ఆర్ఎంపీ దగ్గర సెలైన్లు ఎక్కించుకున్నాడు. ఐదో రోజునే ల్యాబుకు పోయి టెస్టు చేయించుకున్నాడు. లేదని వచ్చింది. నమ్మక ఇంకో ల్యాబుకు పోయాడు. పైరుకు నీళ్లు పెట్టడం మానేశాడు. ఒకరోజు బోరు దగ్గర నా పక్కన కూర్చుని, "బాబాయ్, రాత్రి పురుగుమందు డబ్బా దగ్గరే కూర్చున్నా" అన్నాడు. నా గుండె జారిపోయింది. వచ్చిందో లేదో తెలియని జబ్బుకు ప్రాణం తీసుకోబోయాడు! మర్నాడే వెంటబెట్టుకుని ప్రభుత్వాసుపత్రిలో ఐసీటీసీ అనే గదికి తీసుకుపోయా. హెచ్ఐవీ సలహా, పరీక్ష రెండూ అక్కడే. అక్కడి కౌన్సిలర్ మేడం ఓపిగ్గా చెప్పినవి మీకూ చెబుతున్నా.

మొదటిది. హెచ్ఐవీ రక్తం ద్వారా, వీర్యం, యోని ద్రవాల ద్వారా, తల్లి నుంచి బిడ్డకు వస్తుంది. దోమ కుడితే రాదు. ఒకే గ్లాసులో నీళ్లు తాగినా, ముద్దు పెట్టుకున్నా, చెమట తగిలినా రాదు. కండోమ్ రబ్బరు గుండా ఆ వైరస్ దాటలేదు. మొదటి నుంచి చివరి దాకా సరిగ్గా వాడి, అది చిరగకుండా, జారకుండా ఉంటే ప్రమాదం చాలా చాలా తక్కువ. అయితే ఆ సరిగ్గా అన్నదే ముఖ్యం. ట్రాక్టరు టూల్ బాక్సులోనో, వెనక జేబులో పర్సులోనో నెలల తరబడి ఎండకు మగ్గింది వాడకూడదు. తేదీ చూడాలి. కొబ్బరి నూనె, వంట నూనె రాస్తే రబ్బరు బలహీనపడి చిరుగుతుంది. రెండు కలిపి తొడిగినా రాపిడికి చిరుగుతాయి. ఒకటే చాలు.

రెండోది. చిరిగిందనుకోండి. అప్పుడు టెస్టు కోసం నెలలు ఆగి కూర్చోకూడదు. 72 గంటల లోపే, ఎంత త్వరగా అయితే అంత మంచిది, పెద్దాసుపత్రి డాక్టరుకు ఉన్నది ఉన్నట్టు చెప్పాలి. అవసరమనిపిస్తే పెప్ అనే మందులు 28 రోజులు రాస్తారు. అవి వైరస్ ఒంట్లో పాతుకోకుండా ఆపడానికి. 72 గంటలు దాటితే ఆ అవకాశం పోయినట్టే. సిగ్గుపడి ఇంట్లో కూర్చుంటే నష్టం మనకే. టెస్టు తేలేదాకా భార్యతో కూడా కండోమ్ వాడాలి.

మూడోది టెస్టు. విత్తిన రెండో రోజు మొలక కనపడలేదని విత్తనం పుచ్చిందంటామా? ఇదీ అంతే. ఐదో రోజు చేసిన టెస్టుతో ఏదీ తేలదు. ల్యాబులో చేసే నాలుగో తరం టెస్టు 45 రోజులకు బాగా నమ్మదగింది. ఐసీటీసీలో వేలి రక్తంతో చేసే టెస్టు 90 రోజులు దాటాక లేదంటే లేనట్టే, మధ్యలో మళ్లీ ఎవరితోనూ కలవకుండా ఉంటే. ఒక్క కిట్టులో ఉన్నట్టు చూపించినా దాంతో తేల్చేయరు, వేరే కిట్లతో మళ్లీ చూసి నిర్ధారిస్తారు. ఇంకో మాట. టెస్టు అవుతుంది కదా అని రక్తదాన శిబిరానికి మాత్రం పోవద్దు. తొలి రోజుల్లో వైరస్ దొరక్కపోతే ఆ రక్తం ఎక్కించుకున్నవాడు బలైపోతాడు.

మిర్చి ఆకు పైకి ముడిస్తే తామర పురుగని, కిందికి ముడిస్తే నల్లి అని మనం చూసి చెబుతాం. ఈ జబ్బును అట్లా జ్వరం చూసో, ఒళ్లు తగ్గడం చూసో చెప్పలేం. ఏళ్ల తరబడి ఏ లక్షణమూ లేకుండా తిరిగేవాళ్లుంటారు. ఏమీ లేకుండానే గొంతు నొప్పికి భయపడేవాళ్లూ ఉంటారు. ఇద్దరికీ టెస్టే జవాబు.

ఐసీటీసీలో పైసా ఖర్చు లేదు. 2017లో వచ్చిన చట్టం ప్రకారం మన అనుమతి లేకుండా టెస్టు చేయకూడదు, ఫలితం బయట పెట్టకూడదు. 1097కు ఫోన్ చేసినా వివరాలు చెబుతారు, డబ్బు పడదు. సిఫిలిస్, హెపటైటిస్ బి లాంటివీ ఇట్లానే వస్తాయి, వాటి సంగతీ అక్కడే అడగండి.

ఒకవేళ ఉందనే తేలినా బతుకు అయిపోయినట్టు కాదు. పులిరాజా బోర్డులు చూసిన రోజుల్లో మనకు ఈ జబ్బంటే చావే. ఇప్పుడట్లా లేదు. 2004 నుంచి ప్రభుత్వం ఏఆర్‌టీ మందులు ఉచితంగా ఇస్తోంది. రోజూ మానకుండా వేసుకుని, రక్తంలో వైరస్ టెస్టుకు దొరకనంతగా తగ్గి అట్లాగే నిలిస్తే, భార్యకు కూడా కలయిక వల్ల అంటదు. పొలం పని చేసుకోవచ్చు, పిల్లల పెళ్లిళ్లు చూసుకోవచ్చు.

ఆ కుర్రాడికి మూడు నెలలు నిండాక చేసిన టెస్టులో లేదని తేలింది. ఇప్పుడు పొలం పనుల్లో పడ్డాడు.

మీలో ఎవరికైనా ఇట్లాంటి భయం ఉంటే ముందు రోజులు లెక్కబెట్టండి. 72 గంటల లోపా, 45 రోజులా, 90 రోజులా? దాన్నిబట్టి ఏం చేయాలో తేలుతుంది. భయంతో నిద్ర పట్టకపోతే, చచ్చిపోవాలనిపిస్తే 14416కు ఫోన్ చేయండి, తెలుగులోనే మాట్లాడతారు. మందు డబ్బాలు ఇంట్లో పెట్టకండి, తాళం వేసిన కొట్టంలో పెట్టండి. కామెంట్లో అడగడానికి మొహమాటమైతే ఇన్‌బాక్సులో అడగండి. తోడు రమ్మన్నా వస్తా.