తండ్రి ప్రక్కన చోటు

మాది సూర్యాపేట. కోదాడ, మిర్యాలగూడ సంఘాలకు కూడ మేమే వెళ్తాము. 2022 మార్చిలో అన్నదమ్ములిద్దరు తండ్రి సమాధి ప్రక్కన చోటు నాదంటే నాదని తగవుపడి మమ్మును పిలిచారు. ఆ వారమే, 19వ తేదీన, మల్లు స్వరాజ్యంగారు కన్నుమూశారు. 1931లో మన ప్రాంతపు భూస్వాముల ఇంట పుట్టి, తెలంగాణ సాయుధ పోరాటంలో తుపాకి పట్టిన తల్లి. ఆమెను పట్టిస్తే 10,000 రూపాయలిస్తామని నిజాం సర్కారు ప్రకటించింది. పోరాటం ముగిశాక పెండ్లాడి, బిడ్డలను పెంచి, 1978లోను 1983లోను తుంగతుర్తి ఎమ్మెల్యే అయ్యారు. ఆమె కమ్యూనిస్టు, ప్రసంగంలో మేమేనాడు ఆమె పేరెత్తలేదు. అయినా, ఇంటివారు ఆమె దేహాన్ని నల్లగొండ వైద్య కళాశాలకు ఇచ్చారని ఆ అన్నదమ్ములతో చెప్పాము.

చిన్నవాడు చాలాసేపు నేలచూపులు చూశాడు. "అయ్యగారూ, ఆ చోటు అన్ననే ఉంచుకోమనండి" అన్నాడు.

పెద్దవాడు ఇంకా ఏమీ అనలేదు.