ఫిడేలు ఏడిస్తే...

ఫిడేలు మోగిందంటే చాలు, ఎవరో ఏడవబోతున్నారని మీకు సినిమాలు నేర్పేశాయి! పెళ్ళిళ్ళలో వాయించుకు బతికే నాకు ఆ నమ్మకంతోనే పేచీ.

ముహూర్తం సన్నాయిది. గట్టిమేళం అందుకున్నాక నా నాలుగు తీగల్ని వినేదెవరు? నా వంతు రిసెప్షన్‌లో. 1980లో వచ్చిన 'శంకరాభరణం' పాటలు ఈనాటికీ అడిగి వాయించుకుంటారు. అంతా కె.వి.మహదేవన్‌గారి చలవ!

విజయనగరంలో ఓ పెళ్ళి. ద్వారం వెంకటస్వామినాయుడుగారు 1919 నుంచీ ఫిడేలు పాఠం చెప్పిన ఊరు కదా, ఒళ్ళు దగ్గర పెట్టుకునే వాయించాను. అప్పగింతల వేళ వీడియో కుర్రాడు నా చెవిలో ఊదాడు: "మాస్టారూ, గుండెలు పిండెయ్యాలి!"

కమాను ఎత్తాను. పెళ్ళికూతురి తండ్రి నా చెయ్యి పట్టుకున్నాడు.

"వద్దు నాయనా! ఏడవనని అమ్మాయికి మాటిచ్చాను."

మోహన రాగం అందుకున్నాను. ఆయన నవ్వుతూనే కూతుర్ని కారెక్కించాడు. కారు మలుపు తిరిగింది. జనం చెదిరారు. కుర్రాడు కెమెరా సర్దేశాడు. ఆయనొచ్చి నా పక్కన కుర్చీలో కూలబడ్డాడు.

"ఇప్పుడు వాయించు నాయనా," అన్నాడు.

శివరంజని వాయించాను. అది ఏ వీడియోలోనూ లేదు. విన్నది ఆయనొక్కడే. ఇన్నేళ్ళలో నా అసలు కచేరీ అదే!