నాలుగు నెలల తేడా

లా కాలేజీలో చేరిన కొత్తలో సీనియర్లు ఒక సలహా ఇచ్చారు. "జ్యూరిస్‌ప్రుడెన్స్ గురించి టెన్షన్ పడకు. పరీక్షకి వారం ముందు గైడు తిరగేస్తే పాసైపోతావ్." నిజమే అనుకున్నా. క్రిమినల్ లా చదివితే కేసులు వాదించొచ్చు. ఆస్తి చట్టాలు చదివితే దస్తావేజులు రాయొచ్చు. 'అసలు చట్టం అంటే ఏంటి?' అని ఏడాదంతా ఆలోచిస్తే ఎవరి కడుపు నిండుతుంది?

ఆ ప్రశ్న మా ఇంట్లోనే ఉందని అప్పటికి నాకు తెలీదు.

మొదట జాన్ ఆస్టిన్ పాఠం. 19వ శతాబ్దపు ఇంగ్లండ్ ఆయన. చట్టం అంటే సార్వభౌముడి ఆజ్ఞ, పాటించకపోతే శిక్ష, అంతే అన్నాడు. అది మంచిదా చెడ్డదా అన్నది వేరే సంగతి. తర్వాత హార్ట్ వచ్చాడు. 1961లో రాసిన 'ది కాన్సెప్ట్ ఆఫ్ లా' పుస్తకంలో ఆస్టిన్‌కి అడ్డుపడ్డాడు. తుపాకీ చూపించి డబ్బు తీయమన్న దొంగ కూడా ఆజ్ఞే ఇస్తున్నాడు కదా, దాన్ని చట్టం అంటామా? క్లాసంతా నవ్వింది. నేనూ నవ్వాను.

ఆ సంక్రాంతికి ఇంటికెళ్తే పెద్దమ్మ వచ్చి ఉంది. అరిసెలు వత్తుతూ అడిగింది.

"ఏమే లాయరమ్మా, ఒకటి చెప్పు. మీ తాత పొలంలో మీ అమ్మకి వాటా వచ్చింది. నాకెందుకు రాలేదు?"

పెద్దమ్మ పెళ్లి 1985 మే నెలలో జరిగింది. అమ్మ పెళ్లి 1989లో. మధ్యలో ఎన్టీఆర్ ప్రభుత్వం హిందూ వారసత్వ చట్టానికి రాష్ట్ర సవరణ తెచ్చింది. ఉమ్మడి ఆస్తిలో కొడుకుతో పాటు కూతురికీ పుట్టుకతోనే సమాన హక్కు. కేంద్రం ఆ పని చేయడానికి ఇంకో ఇరవై ఏళ్లు పట్టింది. అంత గొప్ప సవరణలో ఒక షరతు ఉంది. 1985 సెప్టెంబరు 5 నుంచి అది అమల్లోకి వచ్చినట్టు. అప్పటికే పెళ్లయిపోయిన కూతుళ్లకి వర్తించదు.

పెద్దమ్మకి నాలుగు నెలలు తేడా కొట్టింది.

1998లో పంపకాల దస్తావేజు రిజిస్టరు చేశారు. ఆరెకరాల్లో తాతకి రెండు, మావయ్యకి రెండు, అమ్మకి రెండు. తాత తన రెండూ మావయ్యకే వీలునామా రాసి వెళ్లిపోయాడు. పెద్దమ్మకి చీర పెట్టారు.

నా హాస్టల్ బిల్లు, కాలేజీ ఫీజు అమ్మ రెండెకరాల కౌలు డబ్బుల్లోంచే వస్తాయి. పెద్దమ్మ జాకెట్లు కుట్టి ఇద్దరు పిల్లల్ని చదివించింది.

ఆ రాత్రి ఫోన్ పట్టుకుని కూర్చున్నా. 2005 సెప్టెంబరు 9 నుంచి కేంద్ర సవరణ అమల్లో ఉంది. అందులో పెళ్లయిందా లేదా అన్న తేడా లేదు. 2020లో వినీతా శర్మ కేసులో సుప్రీంకోర్టు ఇంకో అడుగు ముందుకేసింది. 2005 నాటికి తండ్రి బతికి ఉండాల్సిన పని కూడా లేదంది. ఇంకేం కావాలి? పొద్దున్నే చెప్పేశాను, "పెద్దమ్మా, నీకు రావచ్చు!" అని. ఆమె ఏమీ అనలేదు. చేతిలో కాఫీ గ్లాసు కింద పెట్టి, నా తల నిమిరింది.

హాస్టల్‌కి వచ్చాక ఆ సెక్షన్ మొత్తం చదివాను. 2004 డిసెంబరు 20కి ముందే రిజిస్టరు దస్తావేజుతో జరిగిన పంపకాల్ని అది ముట్టుకోదు.

ఫోన్ చేసి చెప్పడానికి మూడు రోజులు పట్టింది. "పోన్లేవే, నా జాతకమంతా తేదీల్లోనే ఉంది" అని నవ్వింది పెద్దమ్మ. తిట్టినా బాగుండేది.

కోపంతో క్లాసుకెళ్తే ఆ వారం ఫుల్లర్ పాఠం. చట్టం చట్టంలా ఉండాలంటే పాటించాల్సిన లక్షణాలు కొన్ని చెప్పాడు. వాటిలో ఒకటి, మామూలుగా చట్టం వెనక్కి వెళ్లి అయిపోయిన పనుల్ని తిరగదోడకూడదు. పాత పంపకాలన్నీ రద్దంటే, నమ్మి ఆ పొలాలు కొనుక్కున్నవాళ్ల గతేంటి? అంటే ఆ తేదీకి కూడా ఒక కారణం ఉంది. దాన్ని తిట్టుకునే వీలూ లేకుండా పోయింది నాకు.

1958లో హార్ట్‌కీ ఫుల్లర్‌కీ పెద్ద వాదన జరిగింది. నాజీల కాలంలో ఒక జర్మన్ మహిళ, భర్త హిట్లర్‌ని తిట్టాడని ఫిర్యాదు చేసి అతనికి మరణశిక్ష పడేలా చేసింది. శిక్ష అమలు చేయకుండా అతన్ని యుద్ధానికి పంపారు. యుద్ధం అయ్యాక ఆమె మీద కేసు నడిచింది. "అప్పటి చట్టం ప్రకారమే చేశాను" అంది. అలాంటివాటికి చట్టమనే పేరే తగదన్న వైపు ఫుల్లర్ మొగ్గాడు. హార్ట్ మాత్రం, అది చట్టమేనని ఒప్పుకోండి, కానీ పాటించకూడనంత చెడ్డదని కూడా ఒప్పుకోండి అన్నాడు.

మా ఇంటి సంగతికీ నాజీ జర్మనీకీ పోలికే లేదు. కానీ ఆ ఒక్క వాక్యం ఎక్కడో విన్నట్టనిపించింది. పొలం మాటొస్తే మా ఇంట్లో అందరూ అనేది అదే. "చట్టం ప్రకారమే చేశాం." ఆ మాటతో సంభాషణ ఆగిపోతుంది. హార్ట్ దగ్గర అక్కడ మొదలవుతుంది. చట్టం ఏం చెప్పిందనేది ఒక ప్రశ్న, నేనేం చేయాలనేది ఇంకో ప్రశ్న. మొదటిదానికి జవాబు దొరికితే రెండోది తీరిపోదు.

ఉగాదికి వెళ్లినప్పుడు అమ్మని అడిగేశాను.

"చట్టం ప్రకారమే కదే చేసింది" అంది.

"అవునమ్మా. తప్పని అనట్లేదు. అక్కకి అలా జరగడం న్యాయమేనా అని అడుగుతున్నా."

"నీ ఫీజు ఎక్కణ్నుంచి వస్తోందనుకుంటున్నావ్?"

"అందుకే అడుగుతున్నా."

రెండు రోజులు నాతో సరిగ్గా మాట్లాడలేదు. నేను బస్సెక్కే ముందు అంది, "ఈ ఏడు కౌలులో సగం అక్కకి పంపుతాలే. పొలం సంగతి తర్వాత చూద్దాం."

సంతోషంతో బస్సులోంచే పెద్దమ్మకి ఫోన్ చేశాను. కాసేపు అవతల కుట్టుమిషన్ చప్పుడే వినపడింది. తర్వాత అడిగింది, "మీ అమ్మ జాలిపడి ఇస్తోందా, నాకు రావాల్సిందని ఇస్తోందా?"

ఈ సెమిస్టర్‌లో 'చట్టం, నైతికత' మీద పెద్ద ప్రశ్న గ్యారంటీ అంటున్నారు. దానికి జవాబు రాసేయగలను. పెద్దమ్మకి మాత్రం ఇంకా చెప్పలేదు. అది చెప్పాల్సింది అమ్మ. ఫీజు కట్టించుకున్నందుకు, నేను కూడా.