నాయన పెట్టెలో ఆరె

మా నాయన మిలిట్రీ మనిషి. ఈ మాట చెప్పుకోవడానికి నాకెప్పుడూ సిగ్గెయ్యలేదు. మా నాయన చెప్పులు కుట్టేవాడు. ఈ మాట బయటికి చెప్పడానికి మాత్రం నాకు చాలా ఏళ్ళు పట్టింది. ఆ ఏళ్ళ గురించే రాస్తున్నాను.

మాది అప్పటి ప్రకాశం జిల్లాలో చీరాల వైపు పల్లె. మా తాత ఊరందరికీ తోలు పని చేసేవాడు. చచ్చిన గొడ్డుని లాక్కొచ్చి, తోలు తీసి, సున్నంలో నానేసి వెంట్రుక రాల్చి, తంగేడు చెక్క వేసిన లందలో ఊరబెట్టేవాడు. రైతుల చెప్పులు, కపిల తొండాలు, ఎడ్ల పట్టెళ్ళు అన్నీ ఆయన చేతి మీదే. కూలి అంటే ఏడాదికోసారి కళ్ళం కాడ విదిల్చిన గింజలే. ఎంత అని అడగడానికి లేదు. ఆయన కుట్టిన చెప్పులేసుకుని మోతుబర్లు కిర్రు కిర్రుమని నడిచేవాళ్ళు. ఆయన మాత్రం వాళ్ళ బజార్లో చెప్పులు చేత పట్టుకుని నడిచేవాడు.

నాయన 1963లో సైన్యంలో చేరాడు. చైనా యుద్ధం తర్వాత జవాన్లని ఎక్కువగా తీసుకుంటున్న రోజులవి. గుంటూరు పోయి వరసలో నిలబడ్డాడు. "ఏం పనొచ్చు?" అని అడిగితే "తోలు పనండి" అన్నాడు. బూట్లూ బెల్టులూ సామానూ బాగుచేసే ట్రేడులో వేశారు. "తుపాకీ ఇస్తారని పోతే ముందు ఆరె చేతిలో పెట్టార్రా" అని నవ్వేవాడు. తుపాకీ కూడా నేర్పారులే. కానీ ఊళ్ళో కులం అప్పజెప్పిన పనే పటాలంలోనూ ఎదురొచ్చింది. ఒకటే తేడా. అక్కడ ఆ పనికి నెలజీతం వుంది, నంబరు వుంది, యూనిఫాం వుంది, పదిహేనేళ్ళు చేస్తే పెన్షన్ వుంది. పని అదే. ఆ పని చేసే మనిషిని చూసే చూపు వేరు.

1965లో వున్నాడు, 1971లోనూ వున్నాడు. రక్షా మెడల్, సంగ్రామ్ మెడల్ ఇచ్చారు. యుద్ధం గురించి చెప్పమంటే తుపాకుల సంగతి చెప్పేవాడు కాదు, కాళ్ళ సంగతి చెప్పేవాడు. 1962లో మంచుకి తగిన బూట్లు లేక మనవాళ్ళు ఎట్లా అవస్థ పడ్డారో పాతవాళ్ళు చెప్పగా విన్నాడట. 71లో బెంగాల్ బురదలో తడిసి తడిసి కుట్లు ఎట్లా కుళ్ళిపోయాయో చెప్పేవాడు. "కాలు నడవందే తుపాకీ నడవదురా అబ్బాయ్" అనేవాడు.

మహర్ రెజిమెంట్ జవాన్ల దగ్గరే ఆయన మొదటిసారి అంబేద్కర్ పేరు విన్నాడట. ఆ బాబాసాహెబ్ తండ్రి కూడా సుబేదారేనని తెలిసి తెగ సంబరపడ్డాడు. మా గూడెంలోకి అంబేద్కర్ ఫోటో మొదట వచ్చింది నాయన ట్రంకుపెట్టెలోనే.

1972లో సెలవుకొచ్చాడు. నాకు మూడేళ్ళు. అమ్మ చెప్పగా విన్నదే రాస్తున్నా. బస్సు దిగి, యూనిఫాంతో, బూట్లతో పెద్దబజారున నడిచొస్తున్నాడు. అరుగు మీద కూచున్న పెద్దమనిషి "ఏరా, కళ్ళు నెత్తికెక్కినయ్యా?" అన్నాడట. ఎదురెళ్ళిన మా తాత అక్కడికక్కడే ఆయన కాళ్ళ మీద పడ్డాడు. నాయన ఒక్క మాట మాట్లాడలేదు. వంగి బూట్ల తాళ్ళు విప్పాడు. బూట్లు చేత పట్టుకుని గూడేనికి వచ్చాడు. దేశం కోసం రెండు యుద్ధాలు చూసొచ్చినవాడు సొంతూళ్ళో బూట్లు విప్పాల్సొచ్చింది. ఆ రాత్రి అన్నం తినలేదట. "ఆయన మాటకి విప్పలేదే, మా అయ్య కోసం విప్పా" అన్నాడట అమ్మతో.

1978లో పెన్షన్ మీద తిరిగొచ్చాడు. అప్పటికి తాత లేడు. నాయన బూట్లు విప్పలేదు. కళ్ళం గింజలకి పోలేదు. "పనికి డబ్బులు, అప్పటికప్పుడే" అన్నాడు. ఊరు పని ఆపేసింది. ఆయనా ఊరి పని ఆపేశాడు. రోజూ సైకిలు తొక్కుకుంటూ చీరాల పోయి, రోడ్డు పక్క గోనెపట్టా పరుచుకుని కూచున్నాడు. పెన్షన్ వుండగా ఇదెందుకు అని చుట్టాలు అడిగితే "పెన్షన్ సర్కారుది, పని నాది" అనేవాడు.

ఆ పనిలో ఎంత చదువుందో నాకప్పుడు తెలీదు. వీపు తోలు గట్టిది, అట్టకి పనికొస్తుంది. పొట్ట తోలు సాగుద్ది, బరువు పడే చోట వాడకూడదు. దారానికి మైనం పట్టించందే కుట్టు నీళ్ళకి ఆగదు. కాలి కొలత పొద్దున తీస్తే సాయంత్రానికి చెప్పు బిగుసుకుంటుంది. ఎందుకంటే నడిచిన కాలు ఉబ్బుద్ది. చెప్పు చూసి మనిషి ఏ కాలు మీద బరువేస్తాడో చెప్పేవాడు. ఇవన్నీ చెప్తుంటే నేను పుస్తకంలో తల పెట్టేవాణ్ణి. బడికి పోయేముందు చొక్కా వాసన చూసుకునేవాణ్ణి.

1985లో ఇంటర్లో చేరడానికి దరఖాస్తు నింపాను. తండ్రి వృత్తి అన్నచోట ‘మాజీ సైనికుడు’ అని రాశాను. నాయన సంతకం పెడుతూ ఆగాడు. "ఇంకోటి రాయలేదేరా?" అన్నాడు. "చోటు లేదు నాయనా" అన్నాను. చోటుంది. ఆయనా చూశాడు. ఏమీ అనకుండా సంతకం పెట్టాడు.

తర్వాత కొద్ది రోజులకే, జూలై 17న, కారంచేడు. తాగే నీళ్ళ చెరువు కాడ గొడవ మొదలైతే ఆరుగురు మాదిగల్ని చంపారు. ప్రాణాలు దక్కినవాళ్ళు పొలాలకడ్డం పడి చీరాల చేరారు. నాయన సంచి సర్దుకుని శిబిరానికి పోతుంటే వెంట పోయాను. అక్కడ సభలున్నాయి, నాయకులున్నారు, ఏడుపులున్నాయి. నాయన ఒక పక్కన గోనెపట్టా పరిచి కూచున్నాడు. పరిగెత్తినవాళ్ళలో చాలామంది కాళ్ళకి ఏమీ లేవు. వున్నవాళ్ళవి తెగిపోయి వున్నాయి. ఒక ముసలామె కాలు తన తొడ మీద పెట్టుకుని, ముళ్ళు తీసి, పాత టైరు ముక్క కోసి కొలత చూస్తున్నాడు. ఆమె "డబ్బుల్లేవయ్యా" అంది. "మనకి మనం కుట్టుకోడానికి డబ్బులేంటమ్మా" అన్నాడు. అప్పుడు నా చేతికి దారం ఇచ్చి, మైనం పట్టించమన్నాడు. పట్టించాను. నా చేతులు అంతగా వణకడం మళ్ళీ ఎప్పుడూ ఎరగను.

1994 జూలై 7న మా జిల్లాలోనే ఈదుముడిలో దండోరా మొదలైంది. కుర్రాళ్ళు పేరు పక్కన మాదిగ అని రాసుకోవడం మొదలెట్టారు. నేనూ రాసుకున్నాను, సభల్లో మాట్లాడాను. నాయన విని "ఇప్పుడు చోటు దొరికిందా?" అన్నాడు. కోపంగా కాదు, నవ్వుతూ. ఆ దరఖాస్తుని ఆయన మర్చిపోలేదు. దాని గురించి క్షమాపణ అడగాలని ఎన్నోసార్లు అనుకున్నాను. అడగలేదు.

2011లో నాయన పోయాడు. ఆయన ట్రంకుపెట్టె తెరిస్తే ఒకే గుడ్డలో రెండు మెడల్సూ, ఆరె, రంపె చుట్టి వున్నాయి. మెడల్స్‌కి తుప్పు రాలేదుగానీ మసకబారాయి. ఆరె మొన మాత్రం నిగనిగలాడుతోంది. పోయేముందు దాకా నూనె రాస్తూనే వుండేవాడని అమ్మ చెప్పింది.

నా కూతురు కాలేజీ దరఖాస్తు నింపుతూ తాత ఏం చేసేవాడని అడిగింది. అందులో తాత వృత్తికి గడే లేదు, వూరికే అడిగింది. మిలిట్రీలో చేశాడు, చెప్పులు కుట్టాడు అని చెప్పాను. రెండూ ఒక్క గుక్కలో చెప్పాను.