212 మీటర్లు

మా తోటకు ఈశాన్యం మూల సున్నం పూసిన గుండ్రాయి ఒకటుంది. అది టెంకాయ లేచి నిలబడిన చోటు. పాయింటు చూసేవాయన అరచేతిలో టెంకాయను అడ్డంగా పెట్టుకుని తోటంతా నడిచాడు. అక్కడికి రాగానే అది నిలువుగా లేచిందట. నేను చూడలేదు. నాయన చూశాడు. అప్పటికి మా పాత బోరు ఎండి నెలన్నర. మల్బరీ ఆకు చుట్టుకుపోతోంది.

మాది సోమందేపల్లె మండలంలో చిన్న పల్లె. బెంగళూరు హైవే మీద పెనుకొండకూ హిందూపురానికీ నడుమ ఉంటుంది. అనంతపురం జిల్లాకు ఏడాది మొత్తంలో పడే సగటు వాన సుమారు 550 మిల్లీమీటర్లు. అది కూడా పడితేనే. అందుకే మా దగ్గర మనిషి ఆస్తిని ఎకరాల్లో చెప్పరు, ఇంచుల్లో చెబుతారు. “ఆయప్పకేం, రెండించుల నీళ్లుండాయి” అంటే పిల్లనిచ్చేయొచ్చని అర్థం.

రిగ్గు ఏజెంటు ఫోన్‌లోనే రేటు మాట్లాడేశాడు. తిరుచెంగోడు బండి, అడుగుకింత, కేసింగు వేరే. పర్మిషన్ సంగతి అడిగితే నవ్వాడు. నేనే పట్టుబట్టాను, కాగితం లేకుండా వేయొద్దని. బెంగళూరులో నా ఉద్యోగం ఫారాలు తయారు చేయడం. ఏ గడి ముందు రావాలి, దేని పక్కన ఎర్ర చుక్క పెట్టాలి, జనం ఎక్కడ విసుగొచ్చి బయటికి పోతారు, ఇవీ నా రోజువారీ లెక్కలు. అట్లాంటివాడి ఇంట్లో దొంగబోరా? ఇందులో చట్టం మీద గౌరవం ఎంతో, నా గొప్ప ఎంతో ఇప్పటికీ తేల్చుకోలేను.

చట్టం పేరు వాల్టా. నీరు, భూమి, చెట్లు మూడింటికీ కలిపి 2002లో చేశారు. దానికి ముందు 1996లో ఒక చట్టం ఉండేది, అది తాగునీటి కోసం భూగర్భజలాలను కాపాడేందుకు వచ్చింది. ఆ పాత భయమే వాల్టాలో పదో సెక్షన్‌గా మిగిలింది: ఊరికి తాగునీళ్లిచ్చే బోరుకో బావికో 250 మీటర్ల లోపల అనుమతి లేకుండా ఎవరూ కొత్త బోరు వేయకూడదు. చదివినప్పుడు నాకిది మామూలు నిబంధనలా అనిపించింది.

ఆన్‌లైన్ సెంటర్లో కూర్చున్నాం. ఆధారు, పాసుబుక్కు, 1బి, అడంగల్. నాయన వాటిని ఎరువుల కంపెనీ ఇచ్చిన ప్లాస్టిక్ సంచిలో తెచ్చాడు. జిల్లా గడి దగ్గరే మొదటి తడబాటు. పాసుబుక్కులో అనంతపురం, లిస్టులో మా మండలం దాని కింద లేదు. 2022 ఏప్రిల్ 4 నుంచి మాది శ్రీ సత్యసాయి జిల్లా కదా. “మనం యాడికీ పోలేదు, జిల్లానే పోయింది” అన్నాడు నాయన. కంప్యూటర్ దగ్గరున్న పిల్లోడు కిసుక్కున నవ్వాడు.

సర్వే నంబరు, ఎన్ని ఎకరాలు, ఏం పంట, పాత బోరు లోతు. 380 అడుగులు, 2009లో వేసింది. అన్నీ గబగబా నిండాయి. ఆ తర్వాత వచ్చింది తాగునీటి వనరుకు దూరం.

పిల్లోడు కీబోర్డు మీద నుంచి చేతులు తీయకుండానే “260 కొట్టేదా అన్నా?” అన్నాడు.

నేను ఫోన్ తీశాను. శాటిలైట్ మ్యాపులో గుండ్రాయి కనబడలేదు కానీ దాని పక్కనున్న వేపచెట్టు కనబడింది. అక్కడ ఒక చుక్క, పంచాయతీ బోరు దగ్గర ఇంకో చుక్క. 212.

“నడిస్తే మున్నూరు పైనే ఉంటాదిరా” అన్నాడు నాయన.

అబద్ధం కాదు. గట్టు చుట్టి, వంక దాటి పోవాలి. కానీ భూమి కింద నీళ్లు గట్టు మీద నడవవు. ఆ మాట పైకి అన్నాను కూడా, తెలివిగా అన్నాననుకున్నాను. నాయన మాట్లాడలేదు. పిల్లోడు నా వైపు చూశాడు, తర్వాత నాయన వైపు. నేను 212 అని చెప్పాను. వాడు కొట్టాడు.

భూగర్భజల శాఖ నుంచి వచ్చినాయన నెమ్మదస్తుడు. నాలుగు ఇనుప కడ్డీలు వరుసగా భూమిలో దిగ్గొట్టి, బయటి రెండింటి గుండా కరెంటు పంపి, లోపలి రెండింటి మధ్య వోల్టేజీ చూశాడు. కడ్డీలను దూరం జరుపుతూ మళ్లీ మళ్లీ అదే పని. దూరం పెరిగేకొద్దీ లోతు సంగతి తెలుస్తుందట. మనకింద ఉన్నది గట్టిరాయి, నీళ్లుంటే పైనున్న మెత్తటి పొరలో, లేదంటే రాతి పగుళ్లలో, ఆ పగులు మీద పడటమే అదృష్టం అని చెప్పాడు. గుండ్రాయి దగ్గర వద్దన్నాడు. నైరుతి మూల చూపించి “ఇక్కడ కొంచెం ఆశ ఉంది, గ్యారంటీ లేదు” అన్నాడు. నాయన ఆయనకు మజ్జిగ ఇచ్చి, చూపించిన చోట పుల్ల పాతాడు. పుల్లే. రాయి పెట్టలేదు.

ఆ రోజుల్లోనే నేను ఎక్కడో చదివాను. 1388లో ప్రతాప బుక్కరాయలు సింగాయభట్టు అనే జలసూత్రం తెలిసినవాడితో హెన్నె నదికి, అంటే మన పెన్నకే, కాలువ తీయించి పెనుకొండకు నీళ్లు తెప్పించాడని గౌరిబిదనూరు వైపు దొరికిన శాసనం చెబుతుందట. ఆరొందల ఏళ్ల కిందట ఈ నేల మీద నీటి పర్మిషన్ రాతి మీద చెక్కారన్నమాట. నాయనకు ఉత్సాహంగా చెప్పాను. “ఆయప్ప నది చూసి తవ్వినాడు. మనం ఏం చూసి తవ్వేది?” అన్నాడు.

కాగితం వచ్చింది. బండి కూడా వచ్చింది. రాత్రి ఎనిమిదికి మొదలుపెడితే తెల్లారి మూడున్నరకు ఆపారు. బోరు పక్కన నిలబడినవాళ్లకు తెలుస్తుంది, ఆ మోతలో ఎవరూ మాట్లాడరు, అందరూ పొడి రంగే చూస్తుంటారు. తెల్లపొడి, నల్లపొడి, మళ్లీ తెల్లపొడి. 430 దగ్గర కొంచెం తడి తగిలింది. నాయన గుప్పెడు తీసి పిసికి చూశాడు. ఆ తర్వాత మళ్లీ పొడే. ఆరొందలకు బండివాళ్లు ఆపేదా అని అడిగారు. నాయన ఇంకో రాడ్డు అన్నాడు. ఆ తర్వాత ఇంకొకటి. 720 దగ్గర నేనే చాలన్నాను. నాయన తలా రెప్పలూ తెల్లగా, పిండిమరలో పనిచేసి వచ్చినవాడిలా ఉన్నాడు.

పొద్దున అమ్మ కాఫీ ఇస్తూ, నా వైపు చూడకుండా అంది: “నువ్వు నెలకోసారి వస్తావు. క్యాన్ నీళ్లు తెప్పించుకోని తాగి పోతావు. ఊరి బోరు గురించి నీకేమిరా అంత?”

దానికి జవాబు లేదు. నిజమే, నేను ఆ నీళ్లు తాగి పదేళ్లయింది. ఫ్లోరైడ్ అని నేనే వద్దన్నాను. తాగేది అమ్మా నాయనా, ఇంకో నలభై ఇళ్లవాళ్లు.

గుండ్రాయి దగ్గర వేసుంటే పడేదేమో. పడి ఉంటే పంచాయతీ బోరు తగ్గేదేమో. ఈ రెండు ‘ఏమో’లను మా ఇంట్లో ఎవరమూ పైకి అనం. మల్బరీ పీకేశాం. పురుగుల షెడ్డులో ఇప్పుడు పక్కూరాయన ఎరువుల మూటలు పెట్టుకుంటున్నాడు.

వానాకాలం కూడా ఎండే కాసింది. దీపావళి దాటాక ఒక రాత్రి మా గట్టు అవతల చేలో బండి మోత వినిపించిందట. టెంకాయ పట్టిందీ ఆయనే, బండి మాట్లాడిందీ అదే ఏజెంటు. పొద్దుటికి రెండించులు. నేను శనివారం పోయినప్పుడు ఫోన్ తీసి మ్యాపులో చుక్కలు పెట్టాను. అలవాటైపోయింది. పంచాయతీ బోరుకు 140.

మొన్న మార్చిలో నాయన ఫోన్ చేశాడు. కొళాయి రోజు మార్చి రోజు వస్తోందని, అదీ గంటేనని చెప్పాడు. ఎండలు కదా అన్నాను. కాసేపు ఊరుకుని అడిగాడు:

“మనం రాసినాం కదా, ఆ కంప్యూటర్లో. దూరం. వాళ్లదెంతని ఉండాది?”

“వాళ్లు అప్లై చేయలేదు నాయనా.”

“అయితే అందులో లేదా వాళ్ల బోరు?”

“లేదు.”

“మనది?”

“ఉంది. 720 అడుగులు. అనుమతి ఇచ్చినట్టు ఉంది.”

“నీళ్లు పడలేదని ఉండాదా?”

ఆ గడి ఫారంలో ఎక్కడా చూసిన గుర్తు లేదు. అదే చెప్పాను. “సరే, ఉంటా. కొళాయి వస్తాండాది, మీ అమ్మ పిలుస్తాంది” అన్నాడు. వెనక బిందెల చప్పుడు వినబడింది.