ఉప్పుగాలికి బిగిసిన బోల్టు

అంబాసిడర్‌ని హ్యాండిల్ తిప్పి స్టార్టు చేసినవాళ్లు మీలో ఎంతమంది ఉన్నారండీ? ముందు బంపరు దగ్గర కన్నంలోంచి ఇనప కడ్డీ దూర్చి, లోపలి కొక్కేనికి తగిలించి, ఒక్క ఊపున తిప్పేవాళ్లం. ఆ కొక్కెం ఏమిటో తెలుసా? క్రాంక్ షాఫ్ట్ కొసన పుల్లీని పట్టుకుని ఉండే బోల్టు తలే అది. ఇవాళ దాని కబురే.

మా నాన్నగారి బండికి ఇంజను ముందువైపు ఆయిలు కారడం మొదలైంది. టైమింగ్ చైను మూత దగ్గర సీలు పోయింది. సీలు మార్చాలంటే పుల్లీ రావాలి, పుల్లీ రావాలంటే ఆ బోల్టు రావాలి. గాజువాక ఆటోనగర్‌లో ఒక పెద్ద మేస్త్రి దగ్గరికి తీసుకెళ్లాను. రేడియేటరు దింపి పానా వేస్తే ఇంజను తిరిగింది గానీ బోల్టు కదల్లేదు.

మన విశాఖలో ఇది మామూలే. సముద్రపు గాలిలోని ఉప్పు ఇనుము మీద చేరి తేమను వదలనివ్వదు. తుప్పు తొందరగా పడుతుంది. పైగా తుప్పుకి ఇనుముకన్నా ఎక్కువ చోటు కావాలి. మరల సందులో అంత చోటెక్కడిది? అక్కడే ఉబ్బి పట్టేస్తుంది.

"గ్యాస్ మంట చూపిస్తే?" అన్నాను.

"పెట్రోలు బండికి మంటేటి బాబూ! ముందు తాళం తియ్యాలి గదా."

బోల్టు తల కింద ఒక రేకు వాషరు ఉంటుంది. దాని అంచుని తలకేసి మడిచి ఉంచుతారు, బోల్టు దానంతటది వదులు కాకుండా. మురికిలో అది నా కంటికి ఆనలేదు. మేస్త్రి ఉలితో ఆ మడత విప్పి, మరల్లోకి డీజిలు పోసి, రాత్రంతా నాననిచ్చాడు.

పొద్దున్న బండిని టాప్ గేరులో పెట్టి, హ్యాండ్ బ్రేకు లాగి, చక్రాలకి దుంగలు అడ్డం వేశాడు. ఇక ఇంజను తిరగదు. పానాకి 4 అడుగుల పైపు తొడిగాడు. అడుగు పానా మీద వేసే బలమే 4 అడుగుల చివర వేస్తే బోల్టుకి నాలుగింతలు అందుతుంది. ముందు బిగించే వైపే రవ్వంత నొక్కాడు, తుప్పు పట్టు విరగాలని. తర్వాత వదులు చేసే వైపు ఒక్క ఉదుటున ఊపాడు. 'టక్' మంది. ఆ చప్పుడు విన్నవాళ్లకే తెలుస్తుంది దాని హాయి!

ఉత్తరపారాలో 2014 దాకా తయారైన ఈ బండి మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సంతతి. దాని పాత 1489 సీసీ ఇంజనుకి, ఇంగ్లండులో ఎంజీఏ స్పోర్ట్స్ కారు మొదట్లో వాడిన ఇంజనుకి మూలం ఒకటే. అక్కడ ఆ కారు పెంచుకునేవాళ్లకీ ఈ బోల్టు బాగా తెలుసు.

బోల్టు తుడుస్తూ మేస్త్రి ఒక మాటన్నాడు. "హ్యాండిల్ తిప్పేదీ కుడికే, ఈ బోల్టు బిగిసేదీ కుడికే బాబూ." నా మనసు అక్కడే ఆగిపోయింది. ఏళ్లకేళ్లు ప్రతి ఉదయం నాన్నగారి చెయ్యి ఆ బోల్టుని బిగించే వైపే తిప్పింది. నేను తుప్పనుకున్నదాంట్లో ఆయన చేతి బలమూ ఉంది.

కొత్త సీలు, కొత్త రేకు వాషరు వేయించాను. స్టార్టరు బాగానే పనిచేస్తోంది. అయినా ఇంటికొచ్చాక డిక్కీలోంచి హ్యాండిల్ తీసి, కొక్కేనికి తగిలించి, కుడికి ఒక్కసారి తిప్పాను.