ఘంటసాల లేని ఘంటసాల పాట

ఫిబ్రవరి వస్తోందంటే మాస్టారికి గొంతు సవరించుకోవడం కన్నా డబ్బుల లెక్కే పెద్ద పని. 1974లో ఘంటసాల కన్నుమూసింది ఆ నెల 11నే. గ్రంథాలయం హాల్లో ఏటా ఆ రోజు పాటల సభ. కీబోర్డు, తబలా, వేణువు... ముగ్గుర్ని పిలిస్తే చాలు, పింఛనులో సగం హారతి కర్పూరం. పోనీ కరోకే ట్రాకు కొందామంటే ఆయన పాడే పాటలకు దొరకదాయె.

మనవడు కంప్యూటర్ తెరిచాడు. స్టీరియో పాటలో గాయకుడి గొంతు సాధారణంగా ఎడమ, కుడి స్పీకర్లు రెండింట్లోనూ ఒకేలా ఉంటుంది. వాద్యాలేమో అటు కొన్ని, ఇటు కొన్ని. అందుకే ఒక వైపు నుంచి రెండో వైపును తీసేస్తే గొంతు పోయి వాద్యాలు మిగులుతాయి. పాత పద్ధతి ఇదే. నడుమనుండే డ్రమ్సూ, బేస్ గిటారూ కూడా గొంతుతోపాటే కొట్టుకుపోతాయి, అది వేరే సంగతి.

మాస్టారి పాటకి ఇలా చేస్తే అసలేమీ వినపడలేదు. అది మోనో రికార్డింగు. రెండు స్పీకర్లలోనూ ఒకటే ధ్వని. ఐదులోంచి ఐదు పోతే ఏం మిగులుతుంది? లెక్కల మాస్టారు కదా, ముందు నవ్వింది ఆయనే.

2019లో డీజర్ సంస్థ ‘స్ప్లీటర్’ను ఉచితంగా విడుదల చేశాక ఇలాంటి పని ఇంట్లోనే వీలైంది. ఇది తీసివేత లెక్క కాదు. బోలెడన్ని పాటల్ని, వాటి విడి ట్రాకులతో సహా వినిపించి, గొంతేదో వాద్యమేదో కంప్యూటర్‌కి ముందే నేర్పిస్తారు. దాంతో మోనో పాటలోనూ పోల్చుకోగలుగుతుంది. 2023లో వచ్చిన బీటిల్స్ పాట కోసం, జాన్ లెనన్ ఇంట్లో చేసుకున్న పాత కేసెట్లోంచి ఆయన గొంతును పియానో నుంచి విడదీసింది కూడా ఈ తరహా విద్యే.

ఈసారి గొంతు పోయింది. అక్కడక్కడ ‘స’కారాల బుస మాత్రం మిగిలింది. పల్లవి కింద సన్నగా ఓ వేణువు! నలభై ఏళ్లుగా పాడుతున్నా మాస్టారు దాన్ని ఏనాడూ వినలేదు. వాయించిందెవరో? ఆ కాలపు రికార్డుల మీద గాయకుడి పేరుంటుంది, సంగీత దర్శకుడి పేరుంటుంది. వేణువు పట్టుకున్నవాడి పేరు ఎక్కడుంటుంది?

పాడటం మొదలుపెట్టారు. పల్లవి బాగానే నడిచింది. చరణం దగ్గర ఎత్తుకోవడం ఒక్క క్షణం ఆలస్యమైంది. రెండోసారీ అంతే. ఇంట్లో ఎప్పుడు సాధన చేసినా పక్కన కేసెట్ తిరగాల్సిందే, ముందుగా ఎత్తుకునేది ఘంటసాలే.

“మొత్తం తీసెయ్యకురా,” అన్నారు మనవడితో. “చరణం మొదట్లో ఆయన్ని కాస్త ఉండనీ.”